గబ్బు సున్నం

మా చిన్నప్పుడు... ఇంటి వెనక అరుగు మీద మూడు డబ్బాలు వరసగా ఉండేవి. వాటిలో ఏది ముట్టుకున్నా వీపు విమానం మోత మోగేది!

అమ్మ ఒడిశాలో గుణుపూర్ దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. నాన్న పోయాక శ్రీకాకుళం వైపు నుంచి అమ్మా, అమ్మమ్మా, నేనూ అక్కడికి చేరాం. మా వీధిలో అందరూ తెలుగువాళ్ళే... వరి పండించుకునేవాళ్ళు. వీధి మొత్తానికీ ఒకటే బావి.

మొదటి డబ్బాలో ఫినాయిలు... నేలకీ, కాలవకీ. రెండోదాంట్లో పర్మాంగనేట్ ఊదారంగు పలుకులు... ఆకుకూరలు కడగడానికి. ఎక్కాలతో పాటు అమ్మ ఇవీ అప్పజెప్పించుకునేది.

"నేలకి వాడేది నీళ్ళకి కాదమ్మీ. నీళ్ళకి వాడేది సూదులకి కాదు, సూదులు మరగాల్సిందే. ముందు మురికి కడుగు, తరవాతే మందు. మురికి మీద పోస్తే మందుని మురికే తినేస్తాది."

మూడో డబ్బాలో బ్లీచింగ్ పొడి... బావికి. తెల్లగా అచ్చం సున్నంలా ఉండేది. మూత తీస్తే ముక్కు మండిపోయేది. అందుకే వీధిలో దానికి 'గబ్బు సున్నం' అని పేరు పెట్టేశారు. ఆ పేరు ఎంత అలవాటైపోయిందంటే, ఆఖరికి అమ్మ కూడా అలాగే అనేది.

నా నేస్తం పైడి పక్కింటి పిల్ల. ఇద్దరం ఒకే తరగతి. దానికి ఆ కంపు అస్సలు పడదు, గుక్క తాగితే కక్కేసేది. పాపం వాళ్ళమ్మ దాని ఒక్కదానికోసం రోజూ నీళ్ళు మరగబెట్టి, చల్లార్చి, ముంతలో పోసి ఉంచేది.

ఆ ఏడు వానలు మొదలవగానే కొండ మీది పల్లెల్లో కలరా వచ్చింది. డాక్టరుబాబుతో అమ్మ ఐదు రోజులు వెళ్ళాల్సి వచ్చింది. పోతూ పోతూ డబ్బా నాకు అప్పగించింది.

"రోజూ సాయంత్రం ఒక కొబ్బరి చిప్పడు తీసి బకెట్ నీళ్ళలో కలుపు. తేరుకున్నాక పై నీళ్ళు బావిలో పొయ్యి. మూత గట్టిగా పెట్టు."

పదేళ్ళ పిల్లని... వీధి బావి నా చేతికొచ్చింది! ఎంత గొప్పగా ఉందో చెప్పలేను.

మర్నాడు డబ్బా తీసి చూస్తే పొడి ఉండలు కట్టి ఉంది. అమ్మమ్మ చెయ్యి పెట్టి చూసి ముక్కు మూసుకుంది.

"సున్నానికి గబ్బేటమ్మీ? సెమ్మ ఎక్కిపోనాది. సాపేసి ఎండబెట్టు. మీ అమ్మ వచ్చి మనల్ని తిడతాది."

వాన వెలిసి రెండు రోజులు మంచి ఎండ కాసింది. చాప మీద పల్చగా పరిచాం... వడియాలు పరిచినట్టే. కోళ్ళు రాకుండా కర్ర పట్టుకుని నేనే కాపలా కూర్చున్నాను. రెండో రోజుకి పొడి మెత్తగా, పొడిపొడిగా అయిపోయింది. ఘాటు లేదు, కంపు లేదు. అమ్మమ్మ మురిసిపోయింది.

ఆ సాయంత్రం ఆ పొడినే బావిలో కలిపాను. నీళ్ళు కమ్మగా ఉన్నాయని వీధంతా నన్ను మెచ్చుకున్నారు. పైడిని నేనే పిలిచి, నేనే నీళ్ళు తోడి, చెంబు చేతికిచ్చాను.

"తాగేయే పైడీ, ఇప్పుడు గబ్బు నేదు."

గటగటా తాగి, మూతి తుడుచుకుని నవ్వింది. వాళ్ళమ్మ కూడా నవ్వుతూ, "అయితే రేపటి నుంచి నీళ్ళు కాసే పని తప్పినాదమ్మీ నాకు" అంది.

ఆ తర్వాత రెండో రోజు పొద్దున్నే మూడిళ్ళలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. అందులో పైడి వాళ్ళ ఇల్లు ఒకటి. పొద్దు వాలేసరికి పైడి లేదు...

మర్నాడు అమ్మ వచ్చింది. ఇంట్లోకి రాకుండా ముందు బావి దగ్గరికి వెళ్ళింది. చేద తోడి వాసన చూసింది. తర్వాత డబ్బా తెరిచి గుప్పెడు పొడి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీని వాసనేదే?"

"ఎండబెట్టామమ్మా..." అన్నాను.

అమ్మ గుప్పెట్లో పొడి నేల మీద పారబోసింది. "ఆ గబ్బే మందే అమ్మీ... ఆ గబ్బు పోతే అది ఉట్టి సున్నమే."

"పెబువా! సున్నమనే అనుకున్నానే తల్లీ" అని అమ్మమ్మ తల బాదుకుంది. అమ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. "మూత పెట్టమన్నాను గానీ, ఎందుకో సెప్పలేదు. తప్పు నాది" అంది. కొట్టి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

వారం పోయాక పైడి వాళ్ళమ్మ మా ఇంటికొచ్చింది. అమ్మ చేతులు పట్టుకుని, "నువ్వు నేకపోయినా నీ పిల్ల రోజూ బావిలో మందేసినాదమ్మా. నా పిల్ల రాతే బాగోనేదు" అని ఏడ్చింది. అమ్మ నోరు తెరిచింది. నా వైపు చూసింది. ఏమీ చెప్పకుండానే మూసేసుకుంది.

ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆవిడ కనబడినప్పుడల్లా నా తల నిమిరేది. నేను తల వంచుకుని నిలబడేదాన్ని. ఆవిడ పోయిందని తెలిసిన రోజు... సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఏడుపు కన్నా ముందు ఊపిరి తేలికైంది.

ఇప్పుడు ఇంట్లో గోడకి మిషను, అందులోంచి ఏ వాసనా లేని నీళ్ళు. వానాకాలంలో ఒక్కోరోజు కుళాయి నీళ్ళు ఆ కంపు కొడతాయి. "నానమ్మా, ఛీ!" అని మనవడు ముక్కు మూసుకుంటాడు. ఆ రోజు నేను మిషను నీళ్ళు ముట్టను, కుళాయి కింద చెంబు పెడతాను. ఆ గబ్బు తగిలితేనే నాకు గుటక దిగుతుంది.

మంచే చేస్తున్నాం అనుకుని చేసిన పని ఏదైనా మీరూ ఇన్నేళ్ళుగా మోస్తుంటే... దాచుకోకుండా కింద రాయండి. వినాల్సినవాళ్ళు ఇంకా ఉంటే మాత్రం ముందు వాళ్ళకి చెప్పండి. నేను పైడి వాళ్ళమ్మకి చెప్పాల్సిన మాట... ఆవిడ ఎన్నటికీ చదవలేని ఈ ఫేస్‌బుక్ గోడ మీద రాస్తున్నాను.