అర నిమిషం దాటాక

దెయ్యాలూ భూతాలూ అంటే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. విజయవాడలో పాడైన హార్డ్ డిస్కుల్లోంచి ఫైళ్ళు తీసిచ్చే షాపు నాది. డిస్కు ఆగిందంటే దానికో కారణం ఉంటుంది. కారణం దొరకలేదంటే నేను సరిగ్గా వెతకలేదని అర్థం. అయినా ఇది రాస్తున్నాను.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం పామర్రు నుంచి విజయగారని ఒక టీచరు వచ్చారు. డిగ్రీ చదువుతున్న ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో పోయాడట. ఫోటోలు చాలా ఉన్నాయి గానీ, అబ్బాయి గొంతు వినిపించే వీడియో ఒక్కటే. అది ఆవిడ తెచ్చిన డిస్కులో ఉంది. ఆ డిస్కు చావుబతుకుల్లో ఉంది.

ఇలాంటి డిస్కును డేటా అడిగితే జవాబివ్వడానికి చాలాసేపు కొట్టుకుంటుంది. కంప్యూటర్లో దానితో మాట్లాడే డ్రైవరు అనే ప్రోగ్రాముకు అంత ఓపిక ఉండదు. గడువు దాటితే డిస్కును రీసెట్ చేసేస్తుంది, పని మళ్ళీ మొదటికొస్తుంది. ఆ గడువు నేను పెంచుకోగలను, పెంచాను కూడా. కానీ డిస్కుకు అతికి ఉన్న యూఎస్‌బీ బోర్డుకు సొంతంగా ఇంకో గడువు ఉంది, అర నిమిషం. అది చిప్పులోనే ఉంటుంది. దాన్ని మార్చడం నా తరం కాదు.

ప్రతిసారీ వీడియో దగ్గరకొచ్చి, అర నిమిషం కాగానే బోర్డు కనెక్షన్ తెంచేస్తోంది. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆవిడకు సంగతంతా చెప్పి, లాభం లేదన్నాను.

"మా వాడికి నత్తండి," అన్నారావిడ. "మాట వచ్చేలోపే అందరూ అందుకునేవాళ్ళు. పాపం, మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకునేవాడు. నేనొక్కదాన్నే ఆగేదాన్ని. ఇంకొక్కసారి అడగండి, నేను కూర్చుంటాను."

కాదనలేకపోయాను. ఆవిడ కుర్చీ జరుపుకుని డిస్కు ముందు కూర్చున్నారు. అర నిమిషం దాటింది. బోర్డు తెంచలేదు. డిస్కు తిరుగుతూనే ఉంది. వైరు చూశాను, సెట్టింగులు చూశాను, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఎదుటి హోటల్లో భోజనాల రద్దీ తగ్గిపోయింది. అప్పుడు వచ్చింది ఫైలు, మొత్తంగా.

ఆవిడ మొహం కడుక్కోవడానికి లేచినప్పుడు, నమ్మలేక అదే డిస్కులో ఇంకో ఫైలు అడిగి చూశాను. అర నిమిషానికి తెంచేసింది. ఆ తర్వాత అదే రకం బోర్డులు ఎన్నో చూశాను. ఒక్కటీ అర నిమిషం దాటి ఆగలేదు. ఆ రోజు ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆవిడ వచ్చి కూర్చున్నాక వీడియో పెట్టాను. కాలేజీలో మాట్లాడటానికి ఇంట్లో ప్రాక్టీసు చేస్తున్నాడు అబ్బాయి. "అందరికీ నమస్కారం. నా పేరు..." అని ఆగిపోయాడు. పెదవులు బిగుసుకున్నాయి, కళ్ళు మూతలు పడ్డాయి. కాస్త ముందుకు జరుపుదామని నా చెయ్యి దానంతటదే మౌసు మీదికి పోయింది.

"ఉండండి, చెప్తాడు," అన్నారావిడ.

అతను పేరు చెప్పకముందే వీడియో అయిపోయింది. రికార్డయిందే అంతవరకు. ఆవిడ తెరవైపే చూస్తూ కూర్చున్నారు. మౌసు మీంచి చెయ్యి తీసేశాను. నేనూ పక్కనే కూర్చుండిపోయాను.