అవ్వ పటం, తడి దూది

పోయిన ఆదివారం మా కాలనీ ఆడవాళ్ళంతా కలిసి పెట్టించుకున్న బొమ్మల క్లాసుకు నేనూ వెళ్ళాను. అరవై దాటాక చేతులు ఊరికే ఉంటే బుర్ర మొద్దుబారుతుందని డాక్టరెవరో చెప్పాడట, ఆ భయంతో పక్కింటావిడ నన్నూ లాక్కుపోయింది. నేర్పే అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, కలుపుగోలు పిల్ల. నీళ్ళలో కరిగే రంగు పెన్సిళ్ళు తెచ్చింది. కాగితం మీద గులాబీ గీతలు నాలుగు గీసి తడి కుంచెతో తాకేసరికి అవి కరిగిపోయి పసిపిల్ల చెంప తయారైంది. అందరూ చప్పట్లు కొట్టారు. తప్పు పడితే భయపడకండి ఆంటీ, తడి దూదితో అద్దితే రంగంతా వచ్చేస్తుంది అని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. నేను పెన్సిలు కింద పెట్టి, ఎవరికీ చెప్పకుండా చెప్పులేసుకుని ఇంటికి వచ్చేశాను. బీపీ అనుకున్నారట, అనుకోనీ.

ఆ తడి దూది మాట నేను మొదటిసారి విన్నది నా పదిహేనో ఏట, ఇదే కరీంనగర్‌లో. చెప్పినవాడు మా చిన్నబాపు, అంటే నాన్న తమ్ముడు, నాన్నను మేం బాపు అంటాం. ఆ మాట ఎంత దూరం తీసుకుపోయిందో చెప్పాలంటే ముందు మా ఇంటి గోడ గురించి చెప్పాలి.

మాది నేత కుటుంబం. బాపు మరమగ్గం మీద కూలికి నేసేవాడు. మా దగ్గర వాటిని సాంచలంటారు, పొద్దంతా ఆ సాంచల చప్పుడులో ఉండి వచ్చే మనిషి గనుక ఇంట్లో మాట తక్కువ. అవ్వ, అంటే నన్ను కన్న అమ్మ, నాకు రెండేళ్ళు నిండకముందే జ్వరంతో పోయింది. మరుసటేడు అవ్వ చెల్లెలినే లక్సెట్టిపేట నుంచి తెచ్చి బాపుకు చేశారు. నన్ను పెంచింది ఆమే, ఆమె నాకు చిన్నమ్మ. నడిమింటి గోడకు మాత్రం అద్దం చట్రంలో అవ్వ పటం ఉండేది. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, ముక్కుకు రెండు వైపులా పుడకలు, వెడల్పు పాపట, చిలకపచ్చ చీర, నావైపే చూస్తున్న కళ్ళు. నాకు అవ్వ జ్ఞాపకం ఒక్కటీ లేదు. ఒడి గుర్తు లేదు, గొంతు గుర్తు లేదు. నాకున్న అవ్వ ఆ పటమే.

అందుకని బడి నుంచి రాగానే ఆ పటం ముందు కూర్చుని ఊసులన్నీ చెప్పుకునేదాన్ని. ఎక్కువగా చిన్నమ్మ మీద చాడీలే. జడ గట్టిగా వేసిందనీ, తన కడుపున పుట్టిన తమ్ముడికి ఎక్కువ పెట్టిందనీ. చిన్నమ్మ ఆ పటం కిందే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టుకుంటూ అన్నీ వినేది. నువ్వు మా అవ్వలాగా లేవు అని ఎన్నిసార్లు మొహం మీదే అన్నానో లెక్క లేదు. ఆమె దారం తెంపి ఇంకో బీడీ అందుకునేది. అది పొగరనుకున్నాను నేను.

చిన్నబాపుకు మాత్రం సాంచ పని పడలేదు. బస్టాండుకు దగ్గరలో ఒక ఫోటో స్టూడియోలో రంగులద్దే పని పట్టుకున్నాడు. రంగు ఫోటోలు ఇంకా మా వైపు రాని రోజులవి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, నలుపూ తెలుపూ ఫోటో తీసి దాని మీద చేత్తో చెంపలకు ఎరుపూ చీరకు పచ్చా అద్దించుకోవడమే అప్పటి గొప్ప. నాకు బొమ్మల పిచ్చి ఉందని ఎండాకాలం సెలవుల్లో నన్ను వెంట తీసుకుపోయేవాడు. రంగు పూసిన కాగితాల చిన్న పుస్తకం ఒకటి ఉండేది, అందులోంచి గోరంత ముక్క కత్తిరించి సాసరులోని నీళ్ళలో వేస్తే రంగు దిగేది. ఆ రంగులు చాలనప్పుడు రంగు పెన్సిలు ములుకును బ్లేడుతో గీకి పొడి నానబెట్టేవాళ్ళం. ఇంకా కాపీయింగ్ పెన్సిలు, పొడిగా గీస్తే బూడిద రంగు, నాలుక తడి తగిలితే ఊదా. ఆ సెలవులన్నీ నా నాలుక ఊదాగానే ఉండేది, ఇంటికి వచ్చిన చుట్టాలు ఈ పిల్లకేదో రోగమని దిగులు పడ్డారు కూడా.

మొదట వెనకాల తెర మీది ఆకులకు రంగు వేయనిచ్చాడు, తరవాత చీర అంచులు. నేతింటి పిల్లను కదా, ఈ చీరకు ఈ అంచు ఎవరూ నేయరు అని నేను వాదిస్తే, ఫోటోలో చీర కట్టుకునేది ఉందా అని నవ్వేవాడు. చివరికి ముఖం ఇచ్చాడు. అగ్గిపుల్లకు దూది చుట్టి చెంప మీద రంగు ఎలా అద్దాలో, పెదవి ఎందుకు ఆఖరున వేయాలో చూపించాడు. చేయి వణికితే భయం వద్దనీ, తడి దూదితో తుడిస్తే పోతుందనీ అన్నాడు. నాకు దేవుడు కనబడ్డట్టే ఉండేది ఆయనను చూస్తే.

పోయినవాళ్ళ ఫోటోలు కూడా వచ్చేవి. కుర్చీలో ఆనించి తీసిన శవం ఫోటో తెచ్చి కళ్ళు తెరిపించమనేవాళ్ళు, చిన్నబాపు సన్న కుంచెతో కళ్ళు పెట్టేవాడు. మా నాయన నవ్వేటోడు, జర నవ్వు పెట్టుండ్రి అని ఒకాయన ఇచ్చోడ నుంచి వచ్చి బతిమాలితే ఆ నవ్వు నేనే పెట్టాను. ఆయన ఆ ఫోటో చూసి ఏడ్చాడు, అచ్చం అట్లనే నవ్వేటోడన్నాడు. ఆ ముసలాయన నవ్వు ఎలా ఉండేదో నాకేం తెలుసు? ఆయన బయటికి వెళ్ళాక చిన్నబాపూ నేనూ నవ్వుకున్నాం. అయినా మా గోడ మీది పటం వైపు నా అనుమానం ఒక్కనాడూ మళ్ళలేదు. దాన్ని చేసింది కూడా చిన్నబాపే అని తెలిసినా మళ్ళలేదు.

ఇంటర్ చదువుతున్నప్పుడు ఆ ఏడు వానలు ఎక్కువ పడ్డాయి. గోడ చెమ్మెక్కి, అద్దం లోపల అవ్వ చీర మీద తెల్లగా బూజు పట్టింది. తెల్లవారితే పెత్రమాస, పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే రోజు. బాపు పనికి పోయాడు, చిన్నమ్మ బతుకమ్మకు తంగేడు పూలు తేవడానికి పోయింది. పటాన్ని నేనే బాగు చేసి అందరినీ ఆశ్చర్యపరుద్దామనుకుని, మేకులు ఊడదీసి, అద్దం పక్కన పెట్టి, నేర్చుకున్న విద్యంతా వాడి తడి దూదితో బూజు అద్దడం మొదలుపెట్టాను. చెంప దగ్గరికి వచ్చేసరికి పుట్టుమచ్చ దూదికి అంటుకుని వచ్చింది.

మచ్చే కదా, మళ్ళీ పెట్టొచ్చని సర్దిచెప్పుకున్నాను. కానీ దాని కింద ఫోటోలో మచ్చ ఉన్న గుర్తే లేదు. ముక్కు మీద అద్దాను, రెండో పుడక పోయింది. పాపట మీద అద్దాను, వెడల్పంతా పోయి సన్నని గీత మిగిలింది. ఇక నా చేయి ఆగలేదు. చుబుకం మీది లావు రంగు వచ్చేశాక అక్కడ వడ్లగింజంత గాటు బయటపడింది. ఆ గాటు నేను రోజూ చూసేదే. చిన్నప్పుడు గడప మీద పడి తెగిందని చిన్నమ్మే చెప్పింది.

పూల మూటతో చిన్నమ్మ లోపలికి వచ్చే సమయానికి నా ఒళ్ళో ఆమె పదహారేళ్ళ ముఖం ఉంది. తిడుతుందనుకున్నాను. మూట దించి నా పక్కన కూర్చుంది.

“అవ్వేది అవ్వేది అని నువ్వు బువ్వ తినకపోతుంటివి బిడ్డా. అక్కది ఒక్క ఫోటో సుత లేకపాయె. నాది పెండ్లి సంబంధానికి తీసింది ఉంటే ఇచ్చిన.”

ఆ మాటకు నేను కరగాల్సింది. కరగలేదు. ఇంట్లో అందరికీ తెలుసు, చుట్టాలకు తెలుసు, ఏటేటా ఆ పటానికి దండ వేసిన ప్రతివాళ్ళకూ తెలుసు, తెలియనిది నాకొక్కదానికే. నేను చాడీలు చెప్పుకుని ఏడ్చింది ఎవరి ముఖానికో, వింటూ కూర్చున్న మనిషికి తెలుసు. పదిహేనేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశారన్న మాట తప్ప నాకు ఇంకేమీ తోచలేదు.

సాయంత్రం చిన్నబాపు వచ్చాడు. కుంచె పట్టించిన చేయి కదా, ఆయనైనా తల దించుకుంటాడనుకున్నాను. పటం అటూ ఇటూ తిప్పి చూసి, “గింతదానికి పరేషాన్ ఎందుకే? తెల్లారేవరకు మల్ల మంచిగ చేసిస్త” అన్నాడు. అన్నట్టే చేశాడు. రెండు గంటల్లో మచ్చా పుడకా పాపటా ఎక్కడివి అక్కడ వచ్చాయి, తెల్లవారి చుట్టాలొచ్చి దండలు వేసి దండం పెట్టారు. నేను పెట్టలేదు. స్టూడియోకు మళ్ళీ పోలేదు, టీచరుగా ఇచ్చోడ దగ్గర ఏళ్ళ తరబడి పనిచేశాను గానీ పిల్లలకు బొమ్మ గీసి చూపించాల్సి వచ్చినా సుద్దముక్కతోనే సరిపెట్టాను, నీళ్ళ రంగు ముట్టలేదు.

చుట్టాలంతా పోయాక బాపును అడిగాను. మచ్చ నిజంగా ఉండేదా, ముక్కు ఎలా ఉండేది, అవ్వ అసలు ఎలా ఉండేదో చెప్పమని నిలదీశాను. ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? బాపు గోడ మీది పటం వైపు చూశాడు.

“మొదట్ల మంచిగ యాదికుండె. పటం సూసి సూసి, ఇప్పుడు నాకు సుత గా మొకమే వస్తుంది బిడ్డా.”

ఇప్పుడు ఫోనులో ముఖాలకు కొదవ లేదు. మా మనవరాలు పుట్టిన గంటకే వంద ఫోటోలు తీశారు. పోయినవాళ్ళను ఫోనులోనే నవ్వించి, తల ఊపించి, కళ్ళనీళ్ళు పెట్టుకుని ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఎవరికి నష్టం అని అడుగుతారు. చిన్నబాపు పోయాడు, బాపు పోయాడు, నాలుగేళ్ళ కింద చిన్నమ్మా పోయింది. మా అవ్వను నిజంగా చూసిన కళ్ళు ఇక ఒక్కటీ లేవు. ఆ రంగు నా చేత్తో నేనే తుడిచాను, కింద ఎవరున్నారో నా కళ్ళతో నేనే చూశాను. ఇంత తెలిసీ, జ్వరమొచ్చి ఒళ్ళు తెలియనప్పుడు అవ్వా అని మూలుగుతానే, అప్పుడు ఆ మచ్చ ముఖమే వస్తుంది. అది అబద్ధమని దాని మీద నాకు ఇంకా కోపమే, అయినా పిలవడానికి నాకు ఇంకో ముఖం లేదు.