ఆ గొంతు ఆమెది కాదు

మూడు రోజుల మబ్బు ఆ ఉదయం విడిచింది. ఉడకబెట్టిన పసుపు మీది టార్పాలిన్లు తీసి ఎండకు పరుస్తున్నాం. చెమ్మ నిలిస్తే రంగు పోతుందని నేనూ నా భార్యా తొందరపడుతున్నాం. సగం కళ్ళం పరిచామో లేదో పెర్కిట్ నుంచి పెద్దమ్మ కోడలు ఫోన్ చేసింది. "అత్త లేస్తలేదు బావా" అంది. మిగిలిన సగం అలాగే వదిలి బయల్దేరాం.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఆర్మూర్ చుట్టుపక్కల ఎక్కడ చావు జరిగినా వెళ్ళి, మాటలు చెప్పి ఏడ్చేది. ఎవరూ పిలిచేవారు కాదు, తానే వెళ్ళేది. వెళ్ళగానే ఏడవదు. ముందు వాకిట్లో నిలబడి, పోయిన మనిషి ఏ పని చేసేవాడు, ఏమి ఇష్టంగా తినేవాడు, ఎవరితో మాటల్లేవు అని మెల్లగా అడిగి తెలుసుకునేది. "ఉత్తగ ఏడ్సుడు కుక్కకు గూడ ఒస్తది. మనిషి చేసిన పని చెప్పి ఏడ్వాలె" అనేది. ఏళ్ళ తరబడి మాటల్లేని ఒక తమ్ముడు ఆమె ఏడుపులో తన పేరు విని, వెనక నుంచి వచ్చి అన్న కాళ్ళు పట్టుకోవడం నేను చూశాను.

కొన్నేళ్ళ కింద ఒక టీవీ సీరియల్ వాళ్ళు షూటింగుకు పెర్కిట్ వచ్చారు. ఇంటి పెద్ద చనిపోయే సన్నివేశం. ఏడ్చేవాళ్ళు కావాలంటే ఊరివాళ్ళు పెద్దమ్మను చూపించారు. ఆమెతోపాటు నేనూ వెళ్ళాను. దర్శకుడు శవంగా పడుకున్న నటుణ్ణి చూపించి, కథలో అతని పేరు చెప్పి ఏడవమన్నాడు.

"గా పేరు గల్లోడు మా ఊళ్లెనే ఉన్నడు సారూ. బతికున్నోని పేరు వెట్టి నేను ఏడ్వ" అంది పెద్దమ్మ.

ఎంత చెప్పినా వినలేదు. చివరికి పేరు లేకుండానే ఏడవమన్నారు. ఆమె నటుడి తల దగ్గర కూర్చుని, అంతకు పదేళ్ళ ముందు పోయిన మా పెదనాన్నను తలచుకుంది. పసుపు ఉడికించే కడాయి దగ్గర చెయ్యి కాలినా పొయ్యి విడిచి లేవని సంగతి, ఇంటికి ఎవరొచ్చినా తన కంచంలోది సగం తీసి పెట్టే సంగతి ఒక్కొక్కటీ చెప్పి ఏడ్చింది. పడుకున్న నటుడి మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"సచ్చినోడు ఏడుస్తుండు సారూ" అని లైట్లు పట్టుకున్నతను అరిచాడు. అందరూ నవ్వారు. అతని మొహం తుడిచి మళ్ళీ తీశారు. పెద్దమ్మ మళ్ళీ ఏడ్చింది.

సీరియల్ వచ్చిన రోజు వాడకట్టు వాళ్ళంతా ఆమె ఇంట్లోనే కూర్చున్నారు. తెర మీద మొహం పెద్దమ్మదే. గొంతు ఇంకెవరిదో. ఎవరో రాసిన మాటలు, మన వైపు ఎవరూ అనని మాటలు. పెదనాన్న సంగతి ఒక్కటీ లేదు. పక్కింటి వదిన ఊరుకోలేదు. "గిదేం ఏడ్పు అత్తమ్మా, సదువుకున్నోళ్ల లెక్క ఏడుస్తివి. మా ఇంట్ల గిట్లనే ఏడుస్తవా ఏంది" అంది. అందరూ నవ్వారు, నేను కూడా.

"పోనియ్యి పెద్దమ్మా, టీవీల చూపెట్టేటియన్నీ అబద్ధాలే గదా" అన్నాను.

"మీ పెదనాయన గూడ అబద్ధమేనా?" అంది. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తరువాత ఆమె చావు ఇళ్ళకు వెళ్ళేది గానీ నోరు తెరిచేది కాదు. ఒక మూలన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. నోరు తెరిస్తే టీవీ ఏడుపు అంటారని ఆమె భయం. ఆ గొంతు తనది కాదని పది మందికీ తెలియాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

మన ప్రాంతం నుంచి సినిమాలకు, టీవీకి పనిచేసి మరుగున పడినవాళ్ళను వెతికి ఆదుకునే ఫౌండేషన్ ఒకటి హైదరాబాద్‌లో ఉంది. మేకప్ చేసినవాళ్ళు, లైట్లు మోసినవాళ్ళు, గుంపులో నిలబడినవాళ్ళు, అందరి గురించీ ఒక పుస్తకం వేస్తున్నారని తెలిసి నేనే ఉత్తరం రాశాను. మొన్న సంక్రాంతి దాటాక అక్కడి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పెద్దమ్మ పసుపు ఏరుతోంది. పొడుగు కాడి ఒక పక్కకు, గుండ్రటి గోళ ఒక పక్కకు. వచ్చే ఎండాకాలం సభ పెట్టి శాలువా కప్పుతామంది అమ్మాయి.

"ఎండకాలం శాలువ ఏం జేస్కోను బిడ్డా. టీవీల ఏడ్సిన గొంతు నాది గాదని రాయుర్రి. సాలు."

"ఎవరేం చేసిన్రో రాస్తమమ్మా. ఏం చెయ్యలేదో రాయం గదా. మీ గొంతుతోని ఒక్కసారి ఏడ్వుండ్రి, రికార్డు చేస్కపోత" అని ఫోన్ తీసింది అమ్మాయి.

పెద్దమ్మ చేతిలోని కాడి కింద పెట్టింది. "ఎవలు పోయిర్రు బిడ్డా?" అని అడిగింది.

అమ్మాయి ఫోన్ సంచిలో పెట్టేసింది. ఆ రోజు షూటింగులో ఏమేం చెప్పి ఏడ్చిందో మామూలుగా చెప్పమంది. పెద్దమ్మ ఏరుతూనే చెప్పింది. కళ్ళలో నీళ్ళు లేవు. అమ్మాయి అంతా రాసుకుంది. "మా పెద్దోళ్లను అడిగి చూస్త" అని వెళ్ళింది.

పెద్దమ్మ పోయిన సంగతి ఆ ఉదయమే ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేసి చెప్పాను. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చింది. పుస్తకం ఇంకా కాలేదట, ప్రెస్సు నుంచి ఒక పేజీ తెచ్చింది. నా చేతికిచ్చి, "మీరే చదువుండ్రి అన్నా" అంది. వాకిట్లో నిలబడి చదివాను. పెర్కిట్‌లో తీసిన చావు సన్నివేశంలో కనిపించేది ఈమె. ప్రసారమైన గొంతు ఈమెది కాదు. ఆ రోజు ఈమె తన భర్త చేసిన పనులు చెప్పి ఏడ్చింది, ఆ పనులు ఇవి, అని ఉంది. కడాయి సంగతి ఉంది, కంచం సంగతి ఉంది.

పక్కింటి వదిన శవం కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది.

"మల్లొక్కసారి సదువు మరిదీ. ఎనకోళ్లకు ఇనొస్తలేదు" అంది.

మళ్ళీ చదివాను.

నాలుగింటికి పెద్దమ్మను తీసుకెళ్ళాం. ఆ అమ్మాయి ఐదింటి బస్సుకు హైదరాబాద్ వెళ్ళిపోయింది.