మేక వదిలేసిన రెక్క

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఫోన్‌లో ఒక వీడియో సగం చూస్తే చాలు, ఆ విద్యంతా నాకు వచ్చేసినట్టే అనుకునేవాణ్ణి. (జాగ్రత్తలు చెప్పేది మిగతా సగంలోనని చాలా ఆలస్యంగా తెలిసింది.) ఆత్మకూరులో పాలిటెక్నిక్ చదివేటప్పుడు ఈ జబ్బుకు బలైనవాడు నా రూమ్మేట్. మాట్లాడేది తక్కువ కాబట్టి వాణ్ణి అందరం సైలెన్సర్ అనేవాళ్లం. వాడికి ఒకటే కోరిక: తన చేతులతో చేసిన రిమోట్ విమానం కాలేజీ వార్షికోత్సవం రోజు అందరి ముందూ ఎగరాలి. ఫ్రిజ్జుల అట్టపెట్టెల్లో వచ్చే థర్మాకోల్ ఏరుకొచ్చి, కోసి, గరుకు కాగితంతో ఓపిగ్గా రుద్ది రెక్క తయారుచేశాడు. "పైన ప్యాకింగ్ టేపు చుట్టేద్దాం రా, చాలు" అన్నాడు. "టేపేందిరా, అదేమన్నా పార్సిలా? గ్లాస్ క్లాత్ వేస్తే అద్దం మాదిరి ఉంటాది. పూత పని నాకొదిలెయ్" అన్నాను.

గ్లాస్ క్లాత్ అంటే గాజు దారాలతో నేసిన గుడ్డ. పల్చటిది రెక్క మీద పరిచి, సరైన జిగురు పూస్తే గట్టిపడుతుంది. అలాంటిది ఊళ్లో దొరకలేదు. కార్ల బంపర్లు అతికే షాపులో గోనెపట్టా అంత మందంది ఒకటి, దాంతోపాటు ఒక డబ్బా రెజిన్ అనే జిగురు పట్టుకొచ్చాను. "ముందు చిన్న ముక్క మీద పూసి చూడరా" అన్నాడు వాడు. "వీడియోలో చూసినాను లేరా!" బ్రష్ తగిలిన చోటల్లా రెక్క వానలో పెట్టిన బెల్లంలా కుంగిపోయింది. ఆ రెజిన్ థర్మాకోల్‌ను తినేస్తుందట. సైలెన్సర్ నన్ను తిట్టి ఉంటే ఆ పూట నాకు అన్నం సయించేది. వాడు మళ్లీ థర్మాకోల్ వెతుక్కొచ్చి కొత్త రెక్క కోయడం మొదలుపెట్టాడు.

ఆ పాపం కడుక్కోవాలని, సెలవులకు వాణ్ణీ, కొత్త రెక్కనూ ఉదయగిరిలో మా అవ్వ ఇంటికి తీసుకుపోయాను. ఈసారి బుద్ధిగా ప్రతి పూతనూ ముక్కల మీద పరీక్షించాను. స్ప్రే పెయింట్ కరిగించింది, నీళ్లు కలిపిన ఫెవికాల్ ఏమీ చెయ్యలేదు. అక్కడితో ఆగొచ్చు కదా! నా సొంత తెలివి ఒకటి ఉండాలిగా. మైదాపిండి ఉడికించి, అవ్వ పాత నూలుచీర చింపి, రెక్కంతా అతికించి, మేకల దొడ్డి గోడకు ఆనించి ఎండలో పెట్టి, అన్నానికి లోపలికి పోయాం.

తిరిగొచ్చేసరికి అవ్వ నల్లమేక ఆఖరి పీలికను తీరిగ్గా నములుతోంది. నేను కర్ర అందుకున్నాను. అవ్వ అడ్డమొచ్చింది.

"ఏందిరా, పిండి పూసిన గుడ్డ మేకల కాడ ఆరేసి, మేకను కొడతావా? దానికి కడుపులో ఏమన్నా అయిందంటే ఆత్మకూరు పశువులాస్పత్రి దాకా నీ నెత్తిన మోయిస్తా!"

సైలెన్సర్ రెక్కను ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. పైన గుడ్డ పోగు కూడా మిగల్లేదు. ఒక అంచున మాత్రం పంటి గాట్లు.

"థర్మాకోల్ సేఫేరా" అన్నాడు. రెజిన్ పూసిన రోజు తర్వాత వాడు నవ్వడం అదే మొదలు. సంచిలోంచి టేపు తీశాడు. నేను నోరు మూసుకుని కత్తెర పట్టుకున్నాను.

వార్షికోత్సవం రోజు ఆ విమానం అచ్చం పార్సిల్ లాగే ఉంది. గ్రౌండంతా చుట్టి, నీళ్ల ట్యాంకు మీదుగా తిరిగొచ్చి మెత్తగా దిగింది. అందరూ వాణ్ణి భుజాలమీదికి ఎత్తుకుంటుంటే, వాడు నా చొక్కా పట్టుకుని "వీడు కూడా" అన్నాడు. ఆ మాటకు సిగ్గుతో నా తల పైకి లేవలేదు.

ఇప్పుడు నాకు పల్చటి గ్లాస్ క్లాత్ తెలుసు, థర్మాకోల్‌ను తినని ఎపాక్సీ జిగురు తెలుసు. అద్దంలా నిగనిగలాడే విమానం ఒకటి నా గదిలో వేలాడుతోంది. గీత పడుతుందేమోనని ఇంతవరకూ ఎగరేయలేదు. మొన్న సైలెన్సర్ వచ్చి దాని రెక్క నిమిరాడు.

"బాగుండాదిరా. ఎగరేద్దాం పా."

"పడితే?"

వాడు జేబులోంచి టేపు చుట్ట తీసి చూపించాడు. ఇన్నేళ్లకు నేను విమానాన్ని కొక్కెం నుంచి దించాను.