ఊదా రంగు కొండలు

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం పొద్దున మా హాల్లో కుర్చీలు చాలక, మా బడి పిల్లలు సగం మంది చాప మీద, ఇద్దరు వడ్ల బస్తా మీద కూర్చున్నారు. అందరి కళ్ళూ కంప్యూటర్ మీదే. ఆ కంప్యూటర్ నాన్న నరసరావుపేటలో పాతది కొన్నాడు... నా చదువు కోసమని.

చదువు సంగతి వదిలేయండి. అందులో ఒక గేమ్ ఉండేది. రాజ్యాలు, మంత్రగాళ్ళు, నిప్పులు కక్కే రాక్షస పక్షులు... గేమ్ ఇచ్చింది మా బెంచి మస్తాన్. మోడ్లు వేసుకోమని చెప్పిందీ వాడే. మోడ్ అంటే ఏం లేదు... ఆడేవాళ్ళే తయారుచేసి నెట్‌లో పెట్టే మార్పులు. ఒకటి వేస్తే చెట్లు గుబురుగా అవుతాయి, ఇంకోటి వేస్తే కొండలు నిజం కొండల్లా కనబడతాయి.

బస్టాండు వెనక నెట్ సెంటర్‌కి వెళ్ళి దించుకున్నాను. ప్రతి మోడ్‌కీ ఒక చిన్న ఫైలు, ఒక పెద్ద ఫైలు. పెద్దవి నా పెన్‌డ్రైవ్‌లో పట్టలేదు. ఏదో అదనపుది అయ్యుంటుందిలే అని వదిలేశాను. అసలు గేమ్ ఎలా ఉంటుందో చూడకుండానే, ఉన్నవన్నీ వేసేసి తెరిచాను...

ఊదా రంగు! కొండలు ఊదా, చెట్లు ఊదా, కాలి కింద గడ్డి ఊదా. మంత్రాల లోకం కదా, అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. నిజం చెప్తున్నా, ఎంత నచ్చిందో! బళ్ళో కోతలే కోతలు... కొండవీడు కొండల్లాంటివే, కానీ ఊదా రంగువి, మీ జన్మలో చూసుండరు అని. ఆ కోతల ఫలితమే ఆ ఆదివారం.

తెర వెలగ్గానే నాగేశ్వర్రావు పడీ పడీ నవ్వాడు. వాడు నెట్ సెంటర్‌లో అదే గేమ్ ఆడేవాడు.

"ఏందిరా ఇది, వంకాయ తోటా?"

ఇక చూడండి... అందరూ అందుకున్నారు. మరమరాలు కలుపుకుని వచ్చిన మా అమ్మ, ఏం జరిగిందో తెలియక గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. అమ్మ ముందు నవ్వులపాలవడం... తల కొట్టేసినట్టయింది నాకు. కంప్యూటర్ ఆపేద్దామని లేచాను.

అప్పుడొచ్చాడు మస్తాన్, ఆలస్యంగా. తెర చూశాడు. నా మొహం చూశాడు. చెప్పులు విడిచి తాపీగా లోపలికొచ్చాడు.

"ఒరేయ్, అది నేనిచ్చిన మోడేరా. అట్టనే ఉంటది. మీకేం తెలుసని నవ్వుతున్నారు?"

గేముల విషయంలో మస్తాన్ మాటకి మా బళ్ళో తిరుగులేదు. నవ్వులు ఆగిపోయాయి. నాగేశ్వర్రావే తనకూ ఆ మోడ్ కావాలని వాడి వెంటపడ్డాడు. అది అందరి కంప్యూటర్లలో ఆడదని వాడు దాటేశాడు. నేను మళ్ళీ ఛాతీ విరుచుకున్నాను... ఎందుకంటే నేనూ వాడి మాట నమ్మేశాను!

కొన్నాళ్ళకి వాళ్ళింటికి వెళ్ళాను. అదే గేమ్, అవే మోడ్లు... పచ్చటి చెట్లు, మంచు కప్పిన కొండలు. తెరకేసి, వాడికేసి మార్చి మార్చి చూశాను. మస్తాన్ నా వైపు చూడకుండా మెల్లగా అన్నాడు.

"రంగులన్నీ ఆ పెద్ద ఫైల్లోనే ఉంటయ్యిరా, అది లేకపోతే అంతా ఊదానే. ముందు ఉత్త గేమ్ ఆడి, తర్వాత ఒక్కో మోడ్ ఎయ్యమని నేను చెప్పాల్సింది. తప్పు నాదేలే."

వాళ్ళమ్మ పెట్టిన సేమియా సగంలోనే వదిలేశాను. నలుగురూ నవ్వినప్పటికంటే అప్పుడే ఎక్కువ సిగ్గుపడ్డాను. థ్యాంక్స్ కూడా చెప్పకుండా ఇంటికొచ్చేశాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న ఒక గేమింగ్ గ్రూపులో ఎవరో అమ్మాయి, అదే గేమ్‌కి కొత్తట, ఫోటో పెట్టింది. ఊదా రంగు కొండలు! "గేమ్ చాలా అందంగా ఉందండీ, ఇంకా ఏ మోడ్స్ వేసుకోవాలి?" అని అడిగింది. కింద వరసగా నవ్వు బొమ్మలు, వెక్కిరింతలు. ఆ వరసలో నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టేశాను...

పెట్టాక గుర్తొచ్చాడు మస్తాన్. ఛీ, నా బతుకు!

బొమ్మ తీసేసి, కూర్చుని వివరంగా రాశాను. ముందు ఏ మోడూ లేకుండా కొన్నాళ్ళు ఆడమ్మా. తర్వాత గేమ్‌లో తప్పులు సరిచేసే మోడ్ ఒకటి వెయ్యి. ఆపైన చెట్లది, కొండలది... ఒకటి వేసి, చూసుకుని, అప్పుడు ఇంకోటి. పెద్ద ఫైలు మాత్రం వదలకు... పంపుదామని నొక్కేసరికి పోస్టే లేదు. ఆ అమ్మాయే తీసేసింది.

అప్పట్లో నవ్వేది ఒక గదినిండా మంది, అంతే. చెప్పులు విడిచి లోపలికొచ్చి, తప్పు తన మీద వేసుకునేవాడు ఒకడైనా ఉండేవాడు. ఇప్పుడు ఊరూ పేరూ తెలియని వాళ్ళంతా కలిసి నవ్వుతున్నాం. మీ పరువు అలా కాపాడినవాళ్ళు మీకూ ఉండే ఉంటారు... వాళ్ళ గురించి కింద చెప్పండి, చదువుకుంటాను.

ఆ అమ్మాయి ఎప్పుడైనా ఇది చూస్తే... ఆ కొండల్ని నేనూ ఊదా రంగులోనే చూశానమ్మా. చాలా బాగుండేవి.