తొక్కడానికి వెళ్ళిన సికింద్రాబాద్

పొద్దున ఏడున్నరకు జనగామలో రైలెక్కాను. సీతాఫల్‌మండిలో ఉండే చెల్లెలు సరోజ నీళ్ళ క్యాన్ ఎత్తబోతే నడుము పట్టేసిందట. రెండు రోజులుగా మంచం దిగడం లేదు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే పట్టు వదులుతుందని మావైపు నమ్మకం. మా వాడలో ఆ పేరు నాది. చిన్నప్పటి నుంచీ మా గుమ్మం ముందు ఎవరో ఒకరు బోర్లా పడుకునేవారు.

నిజానికి అలా పుట్టింది సరోజ. అది బక్కపలచన, నేను బొద్దు. అందుకని అమ్మ ఆ పేరు నాకు అంటగట్టింది. పోయేముందు నాతో ఆ సంగతి చెప్పింది. నేనెవరికీ చెప్పలేదు.

జనరల్ బోగీలో నిలబడడానికే చోటు. నాతోపాటు ఎక్కిన ఆవిడ ఎక్కడికని అడిగితే చెప్పాను.

"పైలం అక్కా. మా ఆయనను గిట్లనే తొక్కి తొక్కి, కాలు పడిపోయింది," అంది.

కొనుక్కున్న ఉప్మా పొట్లం విప్పకుండానే సంచిలో పెట్టేశాను. తొమ్మిదిన్నరకు సికింద్రాబాద్‌లో దిగాను. మీరు వెళితే పదో నంబరు ప్లాట్‌ఫాం వైపు బయటికి రండి, షేర్ ఆటో ఇరవై రూపాయలు.

అక్కడ చాప పరిచే ఉంది. సరోజ అత్తగారు ఎట్లా తొక్కాలో నాకే చెప్పసాగింది. మడమతో నొక్కి నొక్కి కాదట, అరికాలితో అదిమి అదిమి తొక్కాలట. ఈ పనికి మావాళ్ళు ఏ మాటా ఒక్కసారి అనరు. ఒత్తి ఒత్తి, పిసికి పిసికి, తొక్కి తొక్కి. రైల్లో ఆవిడా అలాగే అంది, ఆ రెండోసారి మాటకే నాకు భయం వేసింది.

కాలెత్తి, ఆగి, వేళ్ళకు తిమ్మిరి ఉందా అని సరోజను అడిగాను. నిన్నటి నుంచి బొటనవేలికి స్పర్శే లేదంది. కాలు దించేశాను.

అత్తగారికి కోపం వచ్చింది. డాక్టరు దగ్గరికి పోతే కోత తప్పదని వాదించింది. మామూలుగా చెబితే వినేలా లేదు.

"అత్తమ్మా, నేను ఎదురుకాళ్లతోని పుట్టలే. పుట్టింది సరోజ."

ఆమె నా కాళ్ళవైపు చాలాసేపు చూసి, చాప చుట్టేసింది.

పదకొండింటికి పద్మారావు నగర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నరం నొక్కుకుపోయిందని, తొక్కి ఉంటే కాలు పోయేదని, ఇప్పుడైతే మందులతో తగ్గవచ్చని డాక్టరు చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు దాచినందుకు క్షమించమని సరోజను అడిగాను.

"నాకెరుకే అక్కా. అమ్మ నాకు సుత చెప్పింది."

మరి తెలిసీ ఎందుకు పిలిచావన్నాను.

"నువ్వు తొక్కితే అందరికి తగ్గింది గద."

సాయంత్రం అయిదింటి రైల్లో సీటు దొరికింది. తగ్గినవాళ్ళు అరటిపళ్ళు తెచ్చి మరీ చెప్పేవారు. తగ్గనివాళ్ళు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు, నేనూ వాళ్ళ సంగతి కనుక్కోలేదు. ఘట్‌కేసర్ దాటాక పొద్దుటి ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడ కూడా జనగామలోనే ఎక్కింది. వాళ్ళాయనను తొక్కిందెవరో నేను అడగలేదు.