మనవరాలి పిడికిలి

మాది లాల్‌గడి మలక్‌పేట్. నేను మేస్త్రీని. బడి చదువు తక్కువే అయినా, ఏ గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో నోటిలెక్కతో చెప్పగలను. నిరుడు మా అమ్మాయి మేడ్చల్‌లోని ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. బహదూర్‌పల్లి నుంచి వచ్చిన మా వియ్యంకుడు వేలు అందించగానే పాప గట్టిగా పట్టుకుంది.

"చూశారా బావగారూ, తాతను గుర్తుపట్టేసింది," అన్నాడాయన.

నేనూ భయంభయంగా పాప చేతి మీద వేలితో నిమిరాను. పిడికిలి విప్పేసింది. మళ్లీ నిమిరితే మళ్లీ అంతే. సిమెంటు పనితో కాయలు కాసిన నా చేయి దానికి నచ్చలేదనుకున్నాను. ఆయన మెత్తటి వేళ్లు చూస్తుంటే కడుపు మండింది. సాయంత్రం దాకా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆయన చాయ్‌కి వెళ్లినప్పుడు మళ్లీ నిమురుతుంటే నర్సు నవ్వింది.

"మీదికెల్లి రాస్తే ఇప్పుతది తాతా. అరచేతుల పెట్టు."

"గరుకు చెయ్యమ్మా. గీసుకపోతదని..."

"ఏం గాదు, పెట్టు."

పెట్టాను. పాప వేలు పట్టుకుని వదల్లేదు. నా కళ్లు తడిశాయి.

"పుట్టిన పిల్లలందరు గంతే. ఎవరి వేలైనా పడ్తరు, నా పెన్ను గూడ పడ్తరు," అంది నర్సు.

ఈ మాట చెబితే వియ్యంకుడి గొప్ప పోతుందని సంబరపడ్డాను. ఆయన రాగానే నోరు తెరిచాను కూడా. కానీ ఆయన లెక్కలోంచి ఆ పట్టు తీసేస్తే, నా లెక్కలోంచీ పోతుంది.

"నన్ను గూడ గుర్తువట్టింది బావగారూ," అన్నాను.

ఆ లెక్క తప్పని తెలుసు. ఇప్పటికీ దిద్దలేదు.